బస్సు కిటికీలోంచి కనిపించని దేవప్రయాగ

రిషీకేశ్ నుంచి బదరీనాథ్ దారిలో 70 కిలోమీటర్లు వచ్చాక డ్రైవరు బస్సును రోడ్డు పక్కన ఆపుతాడు. అందరూ దిగి, కింద రెండు రంగుల నీళ్లు కలిసే చోటును ఫోటో తీసుకుని మళ్లీ ఎక్కేస్తారు. మన యాత్రికుల్లో చాలామందికి దేవప్రయాగ అంటే ఆ కాసేపే. అది నాకు ఎప్పుడూ వెలితిగానే ఉండేది. అందుకే వానలు తగ్గిన సెప్టెంబరు చివర్లో అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని, దీపావళి దగ్గరపడే దాకా ఉండిపోయాను.

భాగీరథి మీది ఉయ్యాల వంతెన దాటితే పాత ఊరు. రెండు నదుల మధ్య మొనలా దిగిన కొండవాలు మీద ఇళ్లన్నీ అంతస్తులు అంతస్తులుగా ఎక్కిపోతాయి. వీధులంటే మెట్లే. సిమెంటు బస్తా అయినా బియ్యం మూట అయినా మనిషి వీపు మీదో కంచరగాడిద మీదో పైకి చేరాలి. మొదట్లో కొన్ని మెట్లకే ఆగి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. నెత్తిన గడ్డిమోపుతో దిగే ముసలమ్మలు "ధీరే ధీరే, బేటా" అంటూ పక్కకు తప్పుకునేవారు.

నేనున్న ఇంటి ఆవిడను అందరిలాగే దీదీ అనేవాణ్ణి. రాత్రిపూట రాగిరొట్టె, ఉలవల పప్పు, అప్పుడప్పుడు ఊదల పాయసం పెట్టేది. ఇవన్నీ మనకూ తెలిసిన గింజలే. హిమాలయాల్లో ఆ భోజనం ముందు కూర్చుంటే పరాయిచోట ఉన్నాననిపించలేదు.

తెల్లవారగానే సంగమం దగ్గరికి దిగడం అలవాటైంది. ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడితే ఎడమచేతి వైపు భాగీరథి పచ్చగా, కుడిచేతి వైపు అలకనంద బూడిదరంగులో వస్తాయి. కలిశాక కొంతదూరం దాకా ఆ రెండు చారలూ విడివిడిగానే కనిపిస్తాయి. ఇక్కడి నుంచే ఈ నీటికి గంగ అని పేరు. భాగీరథి ఇంత తేటగా ఉండటానికి ఒక కారణం ఎగువన ఉన్న టెహ్రీ ఆనకట్ట. 260 మీటర్ల ఎత్తున్న ఆ కట్ట వెనక ఒండ్రు నిలిచిపోయి, తేరిన నీరు కిందికి వస్తుంది. విడుదలను బట్టి నీటిమట్టం ఉన్నట్టుండి పెరగవచ్చు. ఘాట్ దగ్గర హెచ్చరిక బోర్డులూ, స్నానానికి మునక వేసేవాళ్లు పట్టుకోవడానికి ఇనుప గొలుసులూ ఉన్నాయి. గొలుసు వదలకండి. ఒడ్డున ఉన్నప్పుడు కూడా ఆ నీటి లాగుడు కాళ్లకు తెలుస్తుంది.

ఊరివాళ్లు ఈ నదులను అత్తాకోడళ్లంటారు. హోరెత్తే భాగీరథి అత్తగారు, నెమ్మదిగా వచ్చే అలకనంద కోడలు. ఆనకట్ట వచ్చాక అత్తగారి గొంతు తగ్గిందని టీకొట్టు పెద్దాయన చెప్పినప్పుడు ఆయన ముఖంలో నిజమైన బాధ చూశాను.

సంగమం పైన రఘునాథుడి గుడి. వైష్ణవ భక్తకవి పెరియాళ్వారు పాశురాలు పాడిన చోటు ఇది. ఆళ్వారులు కీర్తించిన 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఒకటి. గర్భగుడిలో నల్లరాతి రాముడు ఒక్కడే నిలబడి ఉంటాడు. రావణవధ పాపం పోవడానికి ఇక్కడ తపస్సు చేశాడంటారు. గుడి వెనక బండ మీద బ్రాహ్మీ లిపిలో చెక్కిన పేర్లున్నాయి. పదిహేను వందల ఏళ్లకు పూర్వమే ఇక్కడికి వచ్చిన యాత్రికుల పేర్లు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది ఆ బండే.

ఎందుకంటే యాత్రికుల పేర్లు రాసి ఉంచే ఆ పని ఊళ్లో ఇంకా సాగుతోంది. బదరీనాథ్ పండాల, అంటే యాత్రికులకు పూజలు చేయించే తీర్థపురోహితుల, ఇళ్లు దేవప్రయాగలోనే ఉన్నాయి. బదరీనాథ్ గుడి తెరిచిన నెలల్లో వాళ్లు పైన ఉంటారు, తలుపులు మూశాక దిగివస్తారు. వాళ్ల పూర్వీకులు దక్షిణాది నుంచి వచ్చారని చెప్పుకుంటారు. వయసు మీరి పైకి వెళ్లని ఒక పండాగారు నన్ను కూర్చోబెట్టి తెలుగులో "మీది ఏ జిల్లా?" అని అడిగారు. తూర్పుగోదావరి అన్నాను. ఎర్రగుడ్డలో చుట్టిన పొడవాటి బహీ, యాత్రికుల పేర్లు రాసే పుస్తకం, విప్పారు. మావాళ్ల పేర్లు దొరకలేదు. కానీ మా పక్క ఊరి నుంచి వచ్చిన అన్నదమ్ములు తెలుగులో చేసిన సంతకాలు కనిపించాయి. తల్లి పేరు, గోత్రం, వచ్చిన తిథి. బస్సు రోడ్డు లేని కాలం. రిషీకేశ్ నుంచి చట్టీల్లో, అంటే దారి పక్క మజిలీల్లో, రాత్రులు గడుపుతూ నడిచి వచ్చి ఉంటారు. వంకర అక్షరాలను వేలితో తడిమి చాలాసేపు కూర్చున్నాను. పండాగారు తొందరపెట్టలేదు. తర్వాత కలం నా చేతికిచ్చారు.

ఇప్పుడు రిషీకేశ్ నుంచి కర్ణప్రయాగకు 125 కిలోమీటర్ల రైలుమార్గం కడుతున్నారు. దేవప్రయాగ నుంచి జనాసు దాకా 14 కిలోమీటర్లకు పైగా సొరంగమే. కొండచరియలు విరిగిపడి రోజుల తరబడి దారి మూసుకుపోయే కొండవాళ్లకు ఆ రైలు అవసరం, కాదనను. కానీ ఆ కిటికీలోంచి రెండు రంగుల నీళ్లు కూడా కనిపించవేమోనని నా బెంగ.

వెళ్లేవాళ్లు కనీసం రెండు రాత్రులు ఉండండి. గది నదివైపు అడగండి. 1946లో కొండ మీద కట్టిన నక్షత్ర వేధశాలకు ఒక సాయంత్రం ఎక్కండి. పండాలను కలవాలంటే బదరీనాథ్ తలుపులు మూశాక, నవంబరు దాటాక వెళ్లడం మంచిది. తాతముత్తాతల పేర్లూ గోత్రమూ పాత ఊరి పేరూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. వాళ్లు ముందు అడిగేది అవే.