ఆయన భుజముమీద రాజ్యభారము

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు ఆదివారాలు మొదలైతే చాలు, మా హనుమకొండ వీధుల్లో సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీలు లేస్తాయి. చాలావాటి మీద బైబిలులోని యెషయా ప్రవక్త గ్రంథం తొమ్మిదో అధ్యాయం ఆరో వచనమే కనిపిస్తుంది. ఆశ్చర్యకరుడు, ఆలోచనకర్త, బలవంతుడైన దేవుడు, నిత్యుడగు తండ్రి, సమాధానకర్తయగు అధిపతి అన్న పేర్లు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తుంటాయి. ఆ పేర్లకు ముందు అదే వచనంలో ఉన్న చిన్న వాక్యం మాత్రం చోటు చాలదని జారిపోతుంది. "ఆయన భుజముమీద రాజ్యభారముండును." పేర్లు పాడుకోవడానికి ఇంపుగా ఉంటాయి కనుక వాటిని ఉంచుకొని భుజాన్ని వదిలేశాం. ఇది నన్ను ఏళ్ల తరబడి బాధపెడుతున్న విషయం.

మా నాయన ఎనుమాముల మార్కెట్ యార్డులో ముప్పయి ఏళ్లకు పైగా హమాలీ పని చేశాడు. ఆయన కుడి భుజం మీద, మెడ మొదట్లో, చర్మం నల్లబడి కాయ కాసి ఉండేది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుంటే నా చెంపకు మొదట తగిలేది ఆ గరుకే. మిర్చి వచ్చే రోజుల్లో స్నానం చేసి వచ్చి కూర్చున్నా ఆయన దగ్గర ఆ ఘాటు పోయేది కాదు. ఒక్కో బస్తా ఎంత బరువుంటుందని ఒకసారి అడిగితే, "కాంటా కాడ నిలబడ్డోనికి లెక్క తెలుస్తది బిడ్డా, బరువు మాత్రం మోసినోనికే తెలుస్తది" అన్నాడు. ఆయన తండ్రిది ఇంకో మోత. జనగామ వైపు పల్లెలో దొరల సామాన్లనూ, ఊరికి వచ్చే అధికారుల మూటలనూ ఒక ఊరి నుండి మరో ఊరికి కూలి లేకుండా మోసిన వెట్టి భుజాలు అవి. ఈ వచనం చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తుకు వచ్చేది ఆ రెండు భుజాలే.

అందుకే ఈ అధ్యాయాన్ని ఆరో వచనం దగ్గర మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. రెండు వచనాలు వెనక్కి వెళ్లండి. "వాని బరువు కాడిని నీవు విరిచియున్నావు, వాని మెడను కట్టుకఱ్ఱను, వాని తోలువాని కొరడాలను విరిచియున్నావు" అని నాలుగో వచనం చెబుతుంది. మన తెలుగు బైబిలులో మెడ అని ఉన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న మాట 'షెకెమ్', అంటే భుజం. ఆరో వచనంలో రాజ్యభారాన్ని మోసే భుజానికీ ప్రవక్త వాడిన మాట అదే. ముందు ప్రజల భుజం మీద కర్ర ఉంది, అది విరిగింది. ఆ వెంటనే ఒక శిశువు భుజం మీద రాజ్యం ఉంది. ఒకే మాటను రెండు వచనాల తేడాతో ప్రవక్త ఊరకే వాడాడని నేననుకోను. ప్రజల మీద నుండి దిగిన బరువు గాలిలో కలిసిపోలేదని, దానిని ఎత్తుకోవడానికి ఒక భుజం ముందుకు వచ్చిందని ఆయన చూపిస్తున్నాడు. తరువాతి అధ్యాయం ఇరవై ఏడో వచనంలోనూ "నీ భుజముమీదనుండి అతని బరువు తీసివేయబడును" అని మళ్లీ అదే మాట ఎత్తుతాడు.

ఆ రోజుల్లో యెరూషలేములో కూర్చున్న యూదా రాజు ఆహాజు. శత్రువులకు భయపడి మందిరంలోని వెండి బంగారాలను అష్షూరు (అస్సీరియా) రాజుకు కానుకగా పంపి శరణు వేడినవాడు. క్రీ.పూ. 732 నాటికి అష్షూరు సైన్యం గలిలయ ప్రాంతాన్ని మింగేసింది. ఈ అధ్యాయం మొదట్లో వినబడే జెబూలూను, నఫ్తాలి దేశాల దుఃఖం అదే. రాజు తన సింహాసనం కాపాడుకోవడానికి చేసిన బేరం బరువు చివరకు ఎవరి వీపు మీద పడుతుందో మన ఓరుగల్లు పల్లెలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అలాంటి రాజు కళ్లెదుటే ఉండగా ప్రవక్త మరొక రాజును గురించి చెప్పాడు.

లోకంలో రాజు అంటే జనం మోసేవాడు. పల్లకీలో ఉన్నా, సింహాసనం మీద ఉన్నా, కింద ఎవరివో భుజాలు ఉంటాయి. సొలొమోను కుమారుడైన రెహబాము దగ్గరకు ప్రజలు వచ్చి నీ తండ్రి మా కాడిని బరువు చేశాడు, నీవు తేలిక చేయుమని అడిగితే, దానిని ఇంకా బరువు చేస్తానన్నాడు. రాజ్యం రెండు ముక్కలైంది. ఈ గుణం రాజులకు మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. ఆనాటి మతపెద్దలైన శాస్త్రులనూ పరిసయ్యులనూ గురించి యేసు ప్రభువు పలికిన మాట మత్తయి ఇరవై మూడో అధ్యాయంలో ఉంది. మోయ శక్యముకాని బరువులు కట్టి మనుష్యుల భుజముల మీద పెడతారు, తాము వ్రేలితోనైనా వాటిని కదలించరు. అక్కడా భుజమే.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడుతున్నాను, క్షమించండి. కొన్నేళ్ల కిందట ఒక సంఘంలో సెమీ క్రిస్మస్ కూడికకు వెళ్లాను. వేదిక మీద సోఫాల్లో కూర్చున్న పెద్దల భుజాల మీద ఒకరి తరువాత ఒకరికి శాలువాలు కప్పడానికే గంట పట్టింది. వెనుక గుడారం దగ్గర, పొద్దంతా కూలి చేసి వచ్చిన మన అన్నలూ అక్కలూ బిర్యానీ గిన్నెలు మోస్తున్నారు. వాక్యం చదివేటప్పుడు కూడా వారిని లోపలికి పిలిచినవారు లేరు. చదివిన వాక్యం ఇదే, యెషయా తొమ్మిది ఆరు. శాలువా కప్పుకోవడానికే గాని బరువు ఎత్తుకోవడానికి వంగని భుజాన్ని మనం ఆ రాజు పుట్టుక పండుగలో సన్మానించాం. అజరయ్య గారు 1912లో బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్ అధ్యక్ష పీఠంలో సేవ చేసిన కాలంలో, ఈ చుట్టుపక్కల సువార్తను గుంపులుగా అంగీకరించినవారు ఎక్కువగా మాల మాదిగ పేటల వారే. ఊరి మోతలన్నీ మోసినవారు వారు. ఆ మోసినవారి మనుమలమే మనం. మనమే మరిచిపోతే ఈ వచనాన్ని ఇంకెవరు గుర్తు పెట్టుకుంటారు?

వాగ్దానం చేయబడిన రాజు యేసు వచ్చినప్పుడు ఏమి చేశాడో చూడండి. తప్పిపోయిన గొఱ్ఱె దొరికితే కాపరి సంతోషంతో దానిని తన భుజాల మీద వేసికొంటాడని చెప్పాడు. తోలుకొని రావచ్చు, కాని తోలలేదు. తరువాత, "ఆయన తన సిలువ మోసికొని" గొల్గొతాకు బయలుదేరాడని యోహాను రాశాడు. 'యూదుల రాజు' అని పై విలాసం రాసి పెట్టింది ఆ సిలువ మీదనే. రాజ్యభారమంటే ఏమిటో, అది ఏ భుజం మీద ఎలా ఉంటుందో ఆ దారిలో నిలబడ్డవారు కళ్లారా చూశారు. బరువు లెక్క తెలిసిన రాజులను లోకం చాలామందిని చూసింది. మోసి తెలుసుకొన్న రాజు ఈయన. అందుకే ఏడో వచనం ఆయన రాజ్యం న్యాయమువలన, నీతివలన స్థిరపడుతుందని చెబుతుంటే నేను నమ్మగలుగుతున్నాను. సమాధానం కూడా ఆ న్యాయంతోనే వస్తుంది. మన పంచాయతీల్లో నష్టపోయినవాడినే కూర్చోబెట్టి 'సమాధానపడు' అంటారు. ఈ అధిపతి ముందు కర్ర విరిచి, యోధుల జోళ్లను అగ్నిలో వేసి, అప్పుడు సమాధానమంటాడు.

ఆ రాజ్యం సంపూర్ణంగా ఇంకా రాలేదు. వెట్టి పోయినా మోత పోలేదు. యార్డులోనూ, ఇటుక బట్టీల్లోనూ భుజాలు ఇంకా కాయలు కాస్తూనే ఉన్నాయి. ఆయన మళ్లీ వస్తాడని కనిపెట్టుకొని ఉన్నాం. "సైన్యములకధిపతియగు యెహోవా ఆసక్తికలిగి దీనిని నెరవేర్చును" అన్న మాట మీద ఆనుకొని ఉన్నాం.

కాబట్టి ప్రియులారా, ఈ డిసెంబరు 25 తెల్లవారుజామున ఆరాధనలో ఈ భాగం చదివేవారు దయచేసి నాలుగో వచనం నుండి చదవండి. మీ సంఘంలో బస్తాలు మోసే అన్న ఎవరైనా ఉంటే ఆయన చేతనే చదివించండి. చదువు రాకపోతే పక్కన నిలబడి ఒక్కొక్క మాట అందించండి. మా నాయనకు చదువు రాదు. చివరి క్రిస్మస్‌కు మంచం మీద ఉండి నా చేత ఈ వచనం చదివించుకున్నాడు. 'భుజముమీద' అన్న మాట దగ్గర ఆపమని సైగ చేసి, తన కుడి భుజం మీద ఉన్న కాయను కాసేపు తడుముకొని, "ఆయనకూ ఇట్లనే అయ్యుంటది బిడ్డా" అన్నాడు.