ఏ కాలు మీద ఉన్నావే?

జూలైలో విశాఖపట్నం రావడమంటే మామిడిపళ్లు అయిపోయాక రావడం. కెనడాలో మేం ఉండే బర్నబీలో పిల్లల స్కూళ్లు జూన్ ఆఖరుదాకా మూయరు. మేం దిగేసరికి రైతు బజార్లో బంగినపల్లి ఉండదు, ఒంటినిండా ఉక్కపోత మాత్రం ఉంటుంది. ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్ల డాబా మీద సాయంత్రాలు కాస్త గాలి ఆడుతుంది. అందుకని నేనూ మా పెద్దదీ అక్కడ నడుస్తాం. ఎదురెదురుగా నిలబడి, ఒకరి వీపు మీద ఒకరు చెయ్యేసుకుని, నేను ముందుకి, అది వెనక్కి. వాటర్ ట్యాంకు దాకా వెళ్లి, బట్టల తీగ కింద తల వంచి, మళ్లీ ఇటు.

మొదటిరోజు అమ్మ మెట్ల దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూసింది. "ఏటే ఇది? ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకోడానికి కెనడా దాకా ఎల్లాలా?" అంది.

దీని పేరు టాంగో అని చెప్పాను. పేరు చెబితే అర్థమైపోతుందా!

నేను డాన్సు మనిషిని కాదు. మా ఇంట్లో డాన్సంటే మా అమ్మాయి కూచిపూడి క్లాసే. మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉండేది. మంగళవారం తెలుగు, గురువారం కూచిపూడి, శనివారం శ్లోకాలు, ఇవన్నీ ఎర్ర ఇంకు. ఈత, సాకర్, స్నేహితుల పుట్టినరోజులు నీలం ఇంకు. వారాంతానికి నేను నిజంగానే కూడేదాన్ని, ఇటు ఆరు గంటలు, అటు ఆరు గంటలు అని. త్రాసు సమంగా ఉంటే పిల్ల కూడా సమంగా ఉంటుందని లెక్క. పదకొండో ఏట ఒకరోజు అది గజ్జెలు తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్లిపోయింది. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆరు నెలలు మా ఇద్దరి మధ్య మాటలంటే "తిన్నావా", "తిన్నా".

ఆ చలికాలంలోనే మా కమ్యూనిటీ సెంటర్‌లో కొత్తవాళ్లకి టాంగో నేర్పుతామని కాగితం అంటించారు. జత లేకపోయినా రావచ్చట. మా ఆయన రానన్నాడు. మా పెద్దదాన్ని ఇంట్లో వదల్లేక వెంట తీసుకెళ్లాను. అది పుస్తకం పట్టుకుని మూల కూర్చుంది. చూస్తే ఆడవాళ్లు ఎక్కువ, మగవాళ్లు తక్కువ. టీచరు నన్ను నడిపించే పక్క నిలబెట్టి, జతకి మా అమ్మాయిని లేపింది. అది నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ గంటసేపూ ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు. నిలబడ్డచోటే బరువు ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మార్చడం, అంతే. నడిపించేవాళ్లకి ఎటు వెళ్లాలో తర్వాత సంగతి, ముందు ఎదుటిమనిషి బరువు ఏ కాలు మీద ఉందో తెలియాలట. బరువున్న కాలు కదలదు, ఖాళీగా ఉన్న కాలే కదులుతుంది. అది చూసుకోకుండా నెట్టామా, ఎదుటివాళ్లు తూలిపోతారు. పైగా నడిపించడం చేతుల్తో కాదు, ఛాతీతో. మన ఛాతీ కదిలితే వాళ్లకి తెలియాలి. చేత్తో లాగితే టీచరు హాలు అవతల నుంచే పసిగట్టేది. మొదటి నెలంతా నేను చేత్తో లాగుతూనే ఉన్నాను. పదకొండేళ్ల అలవాటు మరి.

ఒక రాత్రి కారులో అదే అంది. "అమ్మా, నేను ఇంకా ఈ కాలు మీదే ఉంటా. నువ్వు అప్పుడే వెళ్లిపోతావ్." డాన్సు గురించే అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వీధి చివర పార్కులో పొద్దున్నే చైనా పెద్దవాళ్లు తైచి చేస్తారు, నెమ్మదిగా కదిలే వ్యాయామం. వాళ్లలో డెబ్భై దాటిన ఒకాయన ఉన్నాడు, మా పిల్లలు చైనా తాత అంటారు. ఆయన నాతో తుయ్ షౌ చేయించేవాడు. ఇద్దరు మణికట్లు ఆనించి, గుండ్రంగా ముందుకీ వెనక్కీ తోసుకోవడం. అందులో గెలవడం కన్నా వినడం ముఖ్యమంటాడు. చెవితో కాదు, చర్మంతో. అవతలి మనిషి ఎప్పుడు తోస్తాడో, ఎప్పుడు వదులుతాడో మణికట్టుకి తెలియాలట. దానికి వాళ్ల భాషలో పేరే 'వినే బలం'. నాకు బలం ఉంది, వినడం లేదు.

నేను గట్టిగా తోసినప్పుడల్లా ఆయన అడ్డుకునేవాడు కాదు. కొంచెం తిరిగేవాడు, నేను గాల్లోకి పోయేదాన్ని. అప్పుడు నవ్వి నా కాళ్లు చూపించేవాడు. రెండు కాళ్ల మీదా సమంగా బరువేసి నిలబడ్డానని. నేను అదే గట్టి నిలకడ అనుకున్నాను. తైచిలో అది దోషం, షువాంగ్ జోంగ్ అంటారు, అంటే జంట బరువు. బరువు రెండుచోట్లా సగం సగం ఉన్న మనిషి ఎటూ కదల్లేడు. కదలాలంటే ముందు ఒక కాలు ఖాళీ అవ్వాలి.

ఇదంతా చైనాలోని తావో మతం వాళ్ల ఆలోచన లోంచి వచ్చిందే. తావో అంటే దారి. నలుపు తెలుపు గుండ్రం టీషర్టుల మీద చూస్తుంటాం కదా, యిన్, యాంగ్ అని. దాన్ని నేనూ సగం సగం అనే అనుకునేదాన్ని. నిజానికది మన శుక్లపక్షం, కృష్ణపక్షం లాంటిది. ఒకటి పెరుగుతుంటే రెండోది తరుగుతుంది, నిండిన చోటు నుంచే మళ్లీ తరుగుదల మొదలు. ఏ రాత్రీ చంద్రుణ్ని సగానికి కోసి, ఇక ఇలాగే ఉండమని ఆపలేం. నా ఫ్రిజ్ మీద కాగితం చేసింది ఆ పనే.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని మన సామెత. పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లకి ఇది ఎన్నిసార్లు వినిపిస్తుందో చెప్పలేను. సామెత ఒక పడవ వదిలెయ్యమంటుంది. తాత వదిలెయ్యమనలేదు. దేని మీద ఉంటే దాని మీద నిండుగా ఉండు, రెండోది తేలిగ్గా పెట్టుకో, అవసరమైనప్పుడు అటు మారు అంటాడు. మా తెలుగు సంఘం సభల్లో ఏటా ఎవరో ఒకరు మైకు పట్టుకుని "రెండు సంస్కృతుల్లోంచీ మంచిని ఏరుకోవాలి" అంటారు. ఏరుకోడానికి అదేమన్నా రైతు బజారా? పిల్ల దీపావళి నాడు నిండా దీపావళిలోనే ఉంటుంది, హాకీ మ్యాచ్ రోజు నిండా మ్యాచ్‌లోనే. ఆ రోజు దాన్ని తెలుగులో కేకలు వెయ్యమనడం నా తప్పు. (నిజంగానే అన్నాను ఒకసారి.)

టాంగోకీ తావోకీ చుట్టరికం ఏమీ లేదు, అతికించి కథలు చెప్పను. టాంగో పందొమ్మిదో శతాబ్దం చివర బ్యూనస్ ఎయిర్స్‌లో, నదికి ఆవలి ఒడ్డున మాంటెవీడియోలో పుట్టింది. ఇటలీ నుంచీ స్పెయిన్ నుంచీ ఓడలు దిగినవాళ్లూ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల పిల్లలూ, అక్కడివాళ్లూ కలిసిన రేవు పేటల ఆట అది. 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వలస వచ్చినవాళ్ల ఆట కాబట్టే నాకు దగ్గరగా అనిపించిందేమో. రేవు పట్నం పిల్లనే కదా నేనూ.

తావో మతం వాళ్ల ఆదిగురువు లావోజీ చెప్పినదాంట్లో వు వెయ్ అని ఒక మాట ఉంది, బలవంతాన చెయ్యకుండా ఉండటం. మా ఆయన ఆదివారాలు పాటించేది అదేనంటాడు. అది వేరు. టాంగోలో అడుగుకీ అడుగుకీ మధ్య ఆగడం ఉంటుంది. ఆగినప్పుడు ఎదుటిమనిషికి కాలితో నేల మీద చిన్న సున్నా చుట్టడానికో, ఊపిరి పీల్చడానికో సమయం దొరుకుతుంది. ఆ జాగా నేను ఇవ్వాలి, ఏం చెయ్యాలో తను చూసుకుంటుంది. బండి చక్రానికి ముప్పై ఆకులున్నా, పని చేసేది నడిమి ఖాళీ అని కూడా ఆ లావోజీయే అన్నాడు.

ఇంత తెలిశాక ఫ్రిజ్ మీద కాగితం చించేశానని రాస్తే బాగుండేది. చించలేదు. రంగులు మాత్రం మానేశాను.

ఈసారి ఊరొచ్చాక కూడా కొంచెం ఆగాను. పన్నెండున్నర గంటల తేడా ఇక్కడికీ బర్నబీకీ. వెనకటి ప్రయాణాల్లో రెండోరోజే పిల్లని లేపి, పట్టులంగా కట్టి, గాజువాక పిన్నిగారింటికి, అక్కణ్నుంచి పెద్దమ్మగారింటికి తిప్పేదాన్ని. అది ఇంగ్లీషులో గొణిగితే మందలించేదాన్ని. ఈసారి నాలుగు రోజులు పడుకోనిచ్చాను. ఐదోరోజు సాయంత్రం అదే చెప్పులేసుకుని "అమ్మమ్మా, బీచ్‌కి వెళ్లి మురీ మిక్చర్ తిందాం" అంది. సబ్‌మెరైన్ మ్యూజియం ఎదుట ఇసుకలో కూర్చుని రెండు పొట్లాలు తినేసి, మిక్చర్ అబ్బాయితో నిమ్మకాయ ఇంకాస్త పిండమని బేరమాడింది. తెలుగులోనే.

అమ్మకి అసలు బెంగ వేరే ఉంది. ఇవాళ తల్లితో ఆడుతుంది, రేపు ఎవడో మగపిల్లాడు వచ్చి చెయ్యందుకుంటే? అరకులో ధింసా ఆడేవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకోరా అని నేను వాదించబోయాను. "ఆళ్లంతా ఆడోళ్లు కదే" అని కొట్టిపారేసింది. అప్పుడు మా అమ్మాయి కబెసెయో గురించి చెప్పింది. టాంగో ఆడేచోట ఎవరూ దగ్గరికొచ్చి చెయ్యి చాచరు. దూరం నుంచి కళ్లు కలుపుతారు, చిన్నగా తలాడిస్తారు. ఇష్టమైతే తనూ తలాడిస్తుంది. లేదంటే చూపు తిప్పేసుకుంటుంది, ఎవరికీ పరువు తక్కువ కాదు. అమ్మ కాసేపు ఆలోచించింది. "మా పెళ్లిచూపుల కన్నా నయమే. మాకు తలెత్తి చూసే వీలే లేదు" అంది.

తర్వాత తనే లోపల్నుంచి రెండు చపాతీ కర్రలు తెచ్చింది. చిన్నప్పుడు కోలాటం వేసేదట, నాకే తెలీదు. "కర్రల్ని సూడకూడదే గుంటా. ఎదుటిదాని కళ్లు సూడాల. కర్ర దానంతటదే వస్తాది." చైనా తాత వింటే సంతోషించేవాడు. వేళ్ల మీద రెండు దెబ్బలు తిన్నాక మా అమ్మాయికి పట్టుబడింది. నాకింకా పట్టుబడలేదు.

ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. నేను కాలేజీ రోజుల్లో ఒకసారి నడిచాను. మా తమ్ముడు ఏటా నడుస్తాడు. ఈసారి మా అమ్మాయి తనూ వస్తానంది. కొండ కింద మొదటి మెట్టు, తొలి పావంచా దగ్గర జనం కొబ్బరికాయలు కొడుతుంటే "మనం కూడా విరగ్గొడదామా?" అని అడిగింది. మా తమ్ముడు నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. అందరూ కొండని కుడివైపు ఉంచుకుని వెళ్తున్నారని గమనించి, టాంగోలో హాలంతా దీనికి ఉల్టా తిరుగుతారు కదమ్మా అంది. నిజమే, నాకు తట్టనేలేదు.

హనుమంతవాక దాకా హుషారుగానే నడిచాం. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు. నేను మాత్రం పది నిమిషాలకోసారి కాళ్లు నొప్పా, నీళ్లు తాగావా, ఆటో ఎక్కుదామా అంటూనే ఉన్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను, జనంలో తప్పిపోతుందని. అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకుని రోడ్డెక్కేసరికి నడవలేనిది నేనని తేలింది. అరికాల్లో బొబ్బ లేచింది. ఎంవీపీ డబుల్ రోడ్డుకి వచ్చేసరికి కుంటుతున్నాను. ఇల్లు రెండు వీధుల అవతలే.

"ఇక చాలు, ఇంటికి పోదాం" అన్నాను. ఇద్దరం అని నా ఉద్దేశం.

అది నా కాళ్ల వంక చూసింది. "అమ్మా, నువ్వు ఏ కాలు మీద ఉన్నావ్?"

"కుడి."

"అయితే ఎడమది నాకిచ్చి వెళ్లు, నేను నడుస్తా" అని నవ్వి, మావయ్యతో వెళ్తానంది. అర్ధరాత్రి కావస్తోంది. ఎన్‌ఏడీ జంక్షన్ దాకా, గోపాలపట్నం దాకా, ఇంకా బోలెడు దారి. పద్నాలుగేళ్ల పిల్ల. నా చెయ్యి ఇంకా దాని మణికట్టు చుట్టూ ఉంది. మా తమ్ముడు ఏమీ అనకుండా నిలబడ్డాడు. వేళ్లు వదిలాను. గోవిందా అని అరుస్తూ ఒక గుంపు వచ్చింది, ఆ గుంపులో దాని నీలం చున్నీ ఇసుకతోట వైపు కాసేపు కనపడింది.

తెల్లవార్లూ అమ్మా నేనూ వరండాలో కూర్చున్నాం. నేను ఆరుసార్లు ఫోన్ తీశాను. రెండుసార్లు చేశాను. అమ్మ ఒక్క మాట కూడా అడగలేదు, జపమాల తిప్పుకుంటోంది.

ఆరు దాటాక ఆటో ఆగింది. మోకాళ్లదాకా బురద, నుదుటి మీద కుంకుమ, చేతిలో ఎవరో ఇచ్చిన మజ్జిగ ప్యాకెట్టు. "అప్పన్న దగ్గర చాలా పెద్ద లైన్ ఉంది" అని మాత్రం చెప్పి చాప మీద అడ్డంగా పడిపోయింది. అమ్మ కొబ్బరినూనె వేడిచేసి తెచ్చి దాని కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఏ కాలు ఎక్కువ నొప్పే?" అంది.

కళ్లు తెరవకుండానే ఎడమ కాలు చాపింది.