జారడానికి కుట్టిన తోలు

నేను చేసే పని బైక్ రేసర్ల లెదర్ సూట్లు బాగుచేయడం. కొత్తవి కుట్టడం కాదు, ట్రాక్ మీద పడ్డవాళ్ళ సూట్లు పార్సిల్‌లో వస్తాయి, విప్పి, పాడైన ముక్క తీసేసి, కొత్త తోలు వేసి కుట్టి పంపిస్తాం. ఇటలీలో విచెంజా దగ్గర చిన్న వర్క్‌షాప్. మా ఓనరమ్మ, ఆమె తమ్ముడు, నేను, ఒక ఘానా అతను, అంతే. యూరప్‌లో సాఫ్ట్‌వేర్ కాని పనుల్లో ఉన్న మనవాళ్ళు రాసేది పెద్దగా కనపడదు, అందుకే రాస్తున్నా.

ఈ చుట్టుపక్కల అంతా ఈ రంగమే. బైక్ సూట్లు, బూట్లు చేసే పెద్ద కంపెనీల్లో డైనేసే 1972లో మాకు దగ్గర్లోనే మొల్వేనాలో మొదలైంది, ఆల్పైన్‌స్టార్స్ 1963లో అజోలోలో బూట్లతో మొదలైంది, ఇంకోపక్క అర్జిన్యానో, కియాంపో లోయ నిండా టానరీలు, అంటే పచ్చి చర్మాన్ని తోలుగా మార్చే ఫ్యాక్టరీలు. నేను మొదట దిగింది ఆ టానరీల్లోనే. పంజాబీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఘానా వాళ్ళు చాలామంది ఉంటారు. క్రోమ్ ఉప్పు పట్టించిన తోలు లేత నీలం రంగులో తడితడిగా ఉంటుంది, దాన్ని పెద్ద డ్రమ్ముల్లోంచి లాగి పరచాలి, తడి తోలు బరువు ఎత్తినవాడికే తెలుస్తుంది, సాయంత్రానికి నడుము పట్టేసేది, వాసన స్నానం చేసినా పోయేది కాదు. కాంట్రాక్టు కొన్ని నెలలకే ఉండేది, అది రెన్యూ అయితేనే ఇటలీలో ఉండటానికిచ్చే పర్మిట్, పెర్మెస్సో రెన్యూ అవుతుంది, అంటే నెలాఖరు దగ్గరపడే కొద్దీ నిద్ర ఉండదు. కానీ ఆ పనిలో తోలు చదవడం వచ్చింది. వీపు భాగం దట్టంగా ఉంటుంది, పొట్ట భాగం వదులుగా సాగిపోతుంది, మెడ దగ్గర ముడతలు. చేత్తో పట్టుకుంటే ఏ భాగమో చెప్పగలను. మా ఓనరమ్మ నన్ను పనిలో పెట్టుకుంది అందుకే.

రేస్ సూట్ పని ఏంటంటే, మనిషి పడ్డాక జారనివ్వాలి. ఎక్కడా పట్టుకోకూడదు. రోడ్డుకి పట్టుకుందా, మనిషి పల్టీలు కొడతాడు, చేతులు కాళ్ళు విరిగేది అక్కడే. జారుతూ పోతే వేగం దానంతటదే తగ్గుతుంది, ఆ కాసేపూ తోలు అరుగుతూ ఉండాలి, లోపల చర్మం దాకా రాకూడదు. మామూలుగా ఆవు తోలు 1.1 నుంచి 1.3 మిల్లీమీటర్ల మందం వాడతారు, ఇంతేనా అనిపిస్తుంది కదా, కానీ సింథటిక్ బట్ట రాపిడి వేడికి కరిగే చోట తోలు నిదానంగా అరుగుతుంది. కంగారూ తోలైతే ఇంకా పల్చగా తీసినా బలం పోదు, దాని పీచు అంతా ఉపరితలానికి సమాంతరంగా వరసగా ఉంటుంది, ఆవు తోల్లో పీచు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది కాబట్టి పల్చగా చీలిస్తే బలం పడిపోతుంది. తేలిగ్గా ఉంటుందని పెద్ద రేసర్లు కంగారూ అడుగుతారు.

యూరప్‌లో బైక్ నడిపేవాళ్ళ బట్టలకి ఈఎన్ 17092 అని స్టాండర్డ్ ఉంది, అందులో పైది ట్రిపుల్ ఏ. భుజం, మోచేయి, తుంటి, మోకాలు దగ్గర వాడే మెటీరియల్‌ని గంటకు 120 కిలోమీటర్ల వేగానికి సమానంగా గిర్రున తిప్పి కాంక్రీటు పలక మీదకి వదులుతారు, ఆగేలోపు చిల్లు పడితే ఫెయిల్.

నా దగ్గరికి వచ్చే సూట్లలో తోలు చిరిగి వచ్చేవి తక్కువ, కుట్టు విడిపోయి వచ్చేవే ఎక్కువ. అందుకే నాకు దారం మీద అంత పట్టింపు. మంచి సూట్‌లో ముఖ్యమైన జాయింట్ దగ్గర లోపల ఒక కుట్టు దాగి ఉంటుంది, పైన ఇంకో రెండు వరసలు కనిపిస్తాయి. పై రెండూ రోడ్డుకి అరిగి తెగిపోయినా లోపలిది పట్టుకుని ఉండాలి. ఇప్పుడు పాత ముక్క విప్పితే అంచు పొడుగునా సూది చిల్లులు ఉంటాయి, తోలుకి పడ్డ చిల్లు మళ్ళీ పూడదు. పక్కన కొత్త చిల్లులు పొడిస్తే ఆ లైన్ స్టాంపుల షీట్‌లాగా అయిపోతుంది, లాగితే చిరుగుతుంది. కాబట్టి పాత చిల్లుల్లోనే సూది దిగాలి. మోటార్ మీద అవ్వదు, మెషిన్ చక్రాన్ని చేత్తో ఒక్కో కుట్టుకి తిప్పుకుంటూ వెళ్ళాలి, మోకాలి చుట్టూ వంపు దగ్గరైతే గంటలు పడుతుంది. ఓనరమ్మ మొదట్లో నా పక్కన కూర్చుని నా చేతి మీద తన చెయ్యి వేసి తిప్పించేది, భాష ఇద్దరికీ సగం సగమే అర్థమయ్యేది. చిన్నప్పట్నుంచీ కుడుతోంది ఆమె, నాకు ఇప్పటికీ ఆమె స్పీడ్ రాలేదు, ఆ చేతుల మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను.

మొన్న మ్యూనిక్‌లో చదువుకునే మన తెలుగు కుర్రాడు ఒకడు సెకండ్ హ్యాండ్ సూట్ పట్టుకుని వచ్చాడు, ఇటలీలోని ముజెల్లో రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే, అంటే మామూలు రైడర్లు డబ్బు కట్టి ట్రాక్ మీద నడుపుకునే రోజు, బుక్ చేసుకున్నాడంట. "అన్నా, భుజం దగ్గర కొంచెం గీసుకుంది అంతే, మీద ప్యాచ్ వేసేస్తే చాలు" అన్నాడు. తిరగేసి లైనింగ్ విప్పి చూపించా. భుజం కుట్టు పక్కన ఎవరో కొత్త వరస కొట్టారు, చిల్లుల మధ్య తోలు దారమంత సన్నగా మిగిలింది. రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ లాగితే పట్‌మని చిరిగింది. వాడి మొహం చూస్తే జాలేసింది. "ప్యాచ్ వెయ్యను తమ్ముడూ, ముక్క మొత్తం మారుస్తా, లేదంటే ఈ సూట్ వేసుకోకు" అన్నా. లోపల వీపు ప్రొటెక్టర్ చూస్తే లెవెల్ 1. దానికి పరీక్షలో దెబ్బ వేస్తే వీపుకి దాటే బలం సగటున 18 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2కి అయితే 9 మాత్రమే, అంటే సగం. అది కూడా మార్చుకోమన్నా. ఒప్పుకున్నాడు, ట్రాక్ డే వాయిదా వేసుకున్నాడు, ఆ పని నేను ఓనరమ్మని అడిగి శనివారం వచ్చి చేశా.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న సూట్ల జోలికి మాత్రం మేం వెళ్ళం, అవి కంపెనీ సర్వీస్‌కే పంపిస్తాం. సెన్సర్లు మనిషి అదుపు తప్పాడని పసిగట్టి, నేలని తాకేలోపే భుజాలు, కాలర్ బోన్ చుట్టూ గాలి నింపేస్తాయి. 2018 నుంచి బైక్ రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మోటోజీపీలో మూడు క్లాసుల రేసర్లకీ తప్పనిసరి చేశారు. 2013లో ముజెల్లో ప్రాక్టీస్‌లో మోటోజీపీ రేసర్ మార్క్ మార్కెజ్ గంటకు 330 పైన వేగంలో గోడ వైపు పోతున్న బైక్ మీంచి దూకేసి, ఆదివారం మళ్ళీ రేసుకి వచ్చాడు. అలాంటివి విన్నప్పుడు నా కళ్ళు రైడర్ మీద ఉండవు, సూట్ మీదే ఉంటాయి, ఎక్కడ అరిగింది, ఎక్కడ నిలబడింది అని.

సీజన్ నవంబర్‌కి అయిపోతుంది కాబట్టి మాకు చలికాలమే ఊపిరాడని టైం, జర్మనీ, ఆస్ట్రియా, హాలండ్ నుంచి అట్టపెట్టెలు వస్తూనే ఉంటాయి, ఆగస్టులో మాత్రం అందరిలాగే తాళం వేస్తాం. నాకిప్పుడు పర్మనెంట్ కాంట్రాక్టు ఉంది, నెలాఖరు భయం పోయింది.

అక్కడక్కడ ట్రాక్ డేలకి వెళ్ళే మనవాళ్ళు ఉంటే ఒక మాట. పడ్డాక సూట్‌ని వాషింగ్ మెషిన్‌లో వెయ్యొద్దు, హీటర్ దగ్గర ఆరబెట్టొద్దు, తోలు ఎండి బిగుసుకుపోతుంది. తడి గుడ్డతో తుడిచి నీడలో వేలాడదీయండి. బాగుచేయడానికి ఇచ్చేముందు ఇంట్లో మీరే జిగురు పెట్టి అతికించొద్దు, ఆ జిగురు గీకడానికే నాకు సగం రోజు పోతుంది, పక్క తోలు కూడా పాడవుతుంది.