ఫారం-బితో ఒక వానకాలం

తీవ్ర డెంగీపై చిట్టెలుకలలో చేయదలచిన ప్రయోగానికి జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి కోరుతూ ఫారం-బి నింపడం వారం రోజుల పని అనుకున్నాను కానీ, హనుమకొండలోని నా అద్దె గదిలో ఆ వానకాలమంతా దానితోనే గడిచింది.

మొదటి సమావేశంలోనే కమిటీలోని పశువైద్యుడు, "మామూలు చిట్టెలుకకు డెంగీ అంటదు కదమ్మా, మరి అందులో ఏం చూస్తవు?" అని అడిగారు. మనిషి కణాలలో ఈ వైరస్ తన ఎన్ఎస్5 ప్రోటీన్‌తో స్టాట్2 అనే కణ ప్రోటీన్‌ను పట్టుకుని నాశనం చేయించి, వైరస్‌లను ఎదిరించమని కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అణచివేస్తుంది. చిట్టెలుక స్టాట్2 దానికి చిక్కదు. అందుకే రెండు రకాల ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాలూ లేకుండా పెంచిన ఏజీ129 చిట్టెలుకలు కావాలని చెప్పాను. అంత రక్షణ తీసేసిన జంతువు రోగనిరోధక శక్తి గురించి ఏం చెప్పగలదన్నది వారి మరుప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. నా ప్రతిపాదనలో సగం అక్కడే కొట్టేసి, రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, కారిపోవడం ఒక్కటే మిగుల్చుకున్నాను.

దాన్ని వదులుకోలేకపోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. ఆ భాద్రపదంలో మా అక్క కొడుకుకు అయిదో రోజు జ్వరం దిగితే గండం గడిచిందనుకున్నాం; ఆ సాయంత్రానికే ప్లేట్‌లెట్లు పడిపోయి, ప్లాస్మా కారి రక్తం చిక్కబడడాన్ని చూపే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరిగి, పిల్లవాడి చేతులు చల్లబడ్డాయి. సమయానికి సెలైన్ ఎక్కించడంతో కోలుకున్నాడు.

వైరస్ రకాన్ని ఎంచుకోవడమూ తేలిక కాలేదు. కొన్ని రకాలు ఏజీ129లో పక్షవాతం తెస్తాయి, మనుషుల తీవ్ర డెంగీ స్వరూపం అది కాదు. దోమ కణాలలోనూ చిట్టెలుకలలోనూ మార్చి మార్చి పెంచిన డీ2ఎస్10 అనే రకం అయితే ప్లాస్మా కారే జబ్బునే తెస్తుంది. ముందుగా కొద్దిపాటి డెంగీ యాంటీబాడీ ఇస్తే, రెండోసారి డెంగీ సోకిన మనిషిలోలాగే జబ్బు ముదురుతుందని 2010లోనే చూపించారు.

అయితే ఫారంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన గడి వేరు. ఎన్ని చనిపోయాయో లెక్కించడమే ఫలితమని మొదట రాశాను. ఆ పశువైద్యుడు దాని కింద గీత గీసి తిప్పి పంపారు. బరువు 20 శాతం తగ్గినా, కదలిక మందగించినా వెంటనే నొప్పి లేకుండా ముగించాలని తిరిగి రాశాను.

అనుమతి ఒక షరతుతో వచ్చింది: వైరస్ ఎక్కించిన మూడో రోజు నుంచి రాత్రి కూడా తనిఖీ చేయాలి. ఆ పట్టికలో మొదటి వరుసలో నా పేరే రాసుకున్నాను.