యామల్‌కి ఏం పేరు పెడదాం?

మన తెలుగోళ్ళకి ఒక జబ్బుంది, కుర్రోడెవడైనా మొదటి సినిమా చేశాడో లేదో పేరు ముందు ఏదో ఒక స్టార్ తగిలించకపోతే నిద్ర పట్టదు. హీరోలకంటే సరే, అది ఎప్పట్నుంచో ఉన్న ఆచారం. ఇప్పుడు ఫుట్‌బాల్‌కి కూడా పాకించేశాం. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్ మొత్తం స్పెయిన్ క్లబ్ బార్సిలోనా పిచ్చోళ్ళే, మ్యాచ్‌లేమో చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే, పొద్దున ఆఫీసు స్టాండప్ కాల్‌లో అందరివీ కెమెరాలు ఆఫ్. ఈ మధ్య మ్యాచ్ కన్నా పెద్ద గొడవ ఏంటంటే ఆ టీమ్‌లో కుడి పక్క ఆడే స్పెయిన్ కుర్రాడు లమీన్ యామల్‌కి ఏ ముద్దుపేరు పెట్టాలి అని.

మా కడప బావది మొదట్నుంచీ ఒకటే మాట, యమపాశం. కుడి పక్క నుంచి లోపలికి కోసుకొచ్చి ఎడమ కాలితో తిప్పి కొడతాడు కదా, బంతి బయటికి పోతోంది అనుకునేలోపు మెలిక తిరిగి లోపల పడుతుంది, అది పాశం కాకుంటే ఇంకేంది రా అంటాడు. 2024 యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, దాని సెమీస్‌లో ఫ్రాన్స్ మీద బాక్స్ బయట్నుంచి కొట్టిన గోల్ అలాంటిదే, పోస్టుకి తగిలి మరీ లోపలికెళ్ళింది, అప్పటికి వాడికి పదిహేడు కూడా నిండలేదు, యూరో చరిత్రలోనే అంత చిన్న వయసులో గోల్ కొట్టినోడు లేడు. పేరులోనే యముడున్నాడు మళ్ళీ. కానీ మా వరంగల్ తమ్ముడు ఒప్పుకోడు. "గట్లెట్లంటవ్ అన్నా, పోరడు గప్పుడు హోంవర్క్ జేస్కుంట ఆడిండు, పండ్లకు క్లిప్పులు, గా మొకానికి యముడు అని ఎట్ల పెడ్తవ్" అని వాడి పాయింటు. హోంవర్క్ సంగతి నిజమే, జర్మనీకి పుస్తకాలు కూడా పట్టుకెళ్ళాడు.

ఇంకొకడున్నాడు, విజయవాడోడు, వాడు జూనియర్ మెస్సీ దగ్గరే ఆగిపోయాడు. వాడి దగ్గరున్న సాక్ష్యం ఆ ఫోటో. 2007లో ఒక ఛారిటీ క్యాలెండర్ కోసం తీసింది, జుట్టు పెంచుకున్న కుర్ర మెస్సీ ఒక పసిబిడ్డకి ప్లాస్టిక్ తొట్టిలో స్నానం చేయిస్తుంటాడు, ఆ బిడ్డ యామలే. దేవుడే దీవించాడు ఇంకేం కావాలి అంటాడు. ఫోటో చూస్తే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను, కానీ ఈ పేరు దగ్గర మాత్రం నాకు మండుతుంది.

ఎందుకంటే ఆ పేరు మోసినోళ్ళ గతి చూశాం కదా. బోయాన్ కిర్కిచ్ అని ఒకడు, 2007లో పదిహేడేళ్ళకే బార్సిలోనా సీనియర్ టీమ్‌లోకొచ్చి లీగ్‌లో మెస్సీ పేరు మీదున్న చిన్న వయసు గోల్ రికార్డు కొట్టేశాడు, ఇంకేముంది కొత్త మెస్సీ అన్నారు, తర్వాత ఆ పిల్లాడే చెప్పాడు యాంగ్జైటీ వల్ల 2008 యూరోకి వెళ్ళలేకపోయానని, అప్పుడు బయటికి చెప్పిన కారణం వేరే. అమెరికాలో ఫ్రెడ్డీ అడూ, 2004లో పద్నాలుగేళ్ళకే ప్రొఫెషనల్, కొత్త పెలే అన్నారు, ఆ తర్వాత దేశదేశాల క్లబ్బులన్నీ తిరిగాడు పాపం. బార్సిలోనా కుర్రాడే అన్సు ఫాటీ, వాడి సంగతి మన కళ్ళముందే, 2021లో మెస్సీ క్లబ్ వదిలి వెళ్ళిపోగానే ఆయన వేసుకున్న పదో నంబర్ చొక్కా వాడికిచ్చారు, గాయాలు మాత్రం వాణ్ణి వదల్లేదు. 2025లో అదే చొక్కా యామల్‌కొచ్చింది. చొక్కా బరువే చాలదా, పైన పేరు బరువు కూడా ఎందుకు మనం ఎక్కించడం? ఒకడి పేరు ఇంకొకడికి పెట్టడం అంటే ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టడం లాంటిది కాదు, ఇక్కడ ప్రతి వారం మార్కులేస్తారు.

నిలబడిపోయిన పేర్లు చూడండి, ఒక్కటీ ఫ్యాన్స్ ఓటింగ్ పెట్టి ఎంచినవి కావు. బ్రెజిల్ ఆటగాడు గరించా, ఆ పేరంటే ఒక చిన్న పిట్ట, అక్క పెట్టింది. అర్జెంటీనా అగ్వేరోకి కున్ అని చిన్నప్పుడు చూసిన జపాన్ కార్టూన్ నుంచి వచ్చింది. అదే దేశపు డి మరియా బక్కపల్చగా ఉంటాడని నూడుల్ అన్నారు, వరల్డ్ కప్ ఫైనల్లో గోల్ కొట్టాక కూడా నూడులే. అక్కడోడే జూలియన్ అల్వారెజ్‌ని సాలీడు అనడం చిన్నప్పట్నుంచీ ఉంది, రెండు కాళ్ళ కన్నా ఎక్కువ ఉన్నట్టు ఆడతాడని. వెటకారంగా మొదలైనా సరే, వాడిలో ఉన్నదాన్ని బట్టి వచ్చిన పేర్లే ఇవన్నీ.

మన దేశంలో కూడా భలే పేరొకటి ఉంది, అదీ మా బెంగళూరోడికి. 1948, 1952 ఒలింపిక్స్ ఆడిన అహ్మద్ ఖాన్ ఇక్కడోడే. కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్ ఫార్వర్డ్ లైన్‌లో ఆయన, వెంకటేష్, అప్పారావు, ధనరాజ్, సలే, ఐదుగురిని కలిపి పంచపాండవులు అనేవాళ్ళు. దాదాపు దక్షిణాది దండంతా కలకత్తా వెళ్ళి పాండవులైపోయారన్నమాట. అప్పారావు అన్న పేరు వినగానే మా బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది, ఎవరో ఏంటో కూడా చదవకుండానే.

సరే అసలు విషయానికొస్తే, నేను చెప్పేది ఏంటంటే యామల్ తన పేరు తనే పెట్టేసుకున్నాడు. గోల్ కొట్టగానే వేళ్ళతో 304 చూపిస్తాడు, మూడు, సున్నా, నాలుగు. బార్సిలోనా దగ్గర మాతారో ఊళ్ళో వాడు పెరిగిన రొకాఫోండా పేట పిన్‌కోడ్ 08304, దాని చివరి మూడంకెలు. వలస వచ్చిన కూలీనాలీ జనం ఉండే పేట అది, వాళ్ళ నాన్న మొరాకో, అమ్మ ఈక్వటోరియల్ గినియా. ఇంత మంచి పేరు వాడే చేతిలో పెడుతుంటే మనం యముడూ మెస్సీ అని కొట్టుకోవడం ఏంటి?

అదే చెప్పాను. విజయవాడోడు వెంటనే "304 అంటే మన కింద ఫ్లాట్ కదరా, మోటర్ ఆపని అంకుల్ గుర్తొస్తాడు" అన్నాడు. బావ మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా నవ్వడం మొదలెట్టాడు. పాత ఐపీసీలో 304 ఏంటో తెలుసా అబ్బీ అన్నాడు. 302 హత్య, 304 హత్య కిందికి రాని ప్రాణం తీసిన కేసు. యామల్‌ని ఆపాల్సిన డిఫెండర్ లెఫ్ట్ బ్యాక్‌కి జరిగేది అదే కదా, చంపాలని చంపడు, దాటుకుంటూ పోతాడంతే, అవతలోడు పోతాడు.

ఇప్పుడు మా వాట్సాప్ గ్రూప్ పేరు సెక్షన్ 304. బావకి మాత్రం ఇంకా మనసు ఒప్పక డీపీగా దున్నపోతు బొమ్మ పెట్టాడు.