ముప్పై ఏడో అధ్యాయంలో లేని మొర

"అతడు మనలను బతిమాలుకొనినప్పుడు మనము అతని వేదన చూచియు వినకపోతిమి" (ఆదికాండము 42:21). తమ్ముడైన యోసేపును అమ్మేసిన అన్నలు, ఏళ్ళ తరువాత కరవులో ధాన్యం కోసం ఐగుప్తుకు వెళ్ళి అక్కడ తమలో తాము అనుకున్న మాట ఇది. అప్పటికే వారిని వేగులవారని నేరం మోపి మూడు రోజులు కావలిలో ఉంచారు. యోసేపు చెరసాల మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. అన్నలు కూడా చెరసాల చూశారన్న సంగతిని మాత్రం గబగబా దాటేస్తాం. జైలులో కథ చెప్పేటప్పుడు అలా దాటనివ్వరు.

నెల్లూరు కేంద్ర కారాగారం ఊరికి అవతల చెముడుగుంటలో ఉంది. ఖైదీలకు బైబిలు కథలు చెప్పడానికి అధికారుల అనుమతితో అక్కడికి వెళతాం. ఫోన్లు, సంచులు గేటు దగ్గరే ఇచ్చేస్తాం. లోపల బైబిలు తెరిచి చదవం. గుండ్రంగా కూర్చుంటాం, కథ చెప్పేవాడు కూడా నేల మీదే. వాక్యంలో ఉన్నది ఉన్న వరుసలో, వాడుక మాటల్లో చెబుతాడు. విన్నవారిలో ఒకరు అదే కథ తిరిగి చెప్పాలి. ఏదైనా వదిలేసినా, లేనిది కలిపినా మిగతావారు సరిదిద్దుతారు. ఆ తరువాతే ప్రశ్నలు: ఇందులో మీకు వింతగా తోచింది ఏమిటి? ఈ కథలో మీరుంటే ఎవరి పక్కన ఉంటారు? ఎవరినీ వారి కేసు గురించి అడగం. చివర్లో ప్రసంగం ఉండదు. మాలో ప్రసంగాలకు అలవాటుపడిన పెద్దలకు ఇదే అన్నిటికన్నా కష్టం.

చదువు రానివారికి ఇదేదో తక్కువరకం బోధ అనుకునేవారు మన సంఘాల్లోనే ఉన్నారు. వారు ఒంగోలు చరిత్ర మరిచిపోయినట్టున్నారు. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించారు. పని ఆగినప్పుడల్లా బోధకులు ఆ కూలీల మధ్య కూర్చుని యేసు సంగతులు చెప్పేవారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. చెవిన పడిన కథే వారిని ఏటి దాకా నడిపించింది.

యోసేపు కథకు వద్దాం. రిమాండు ఖైదీలు వస్తుంటారు, బెయిలు దొరికితే వెళుతుంటారు. అందుకే ప్రతిసారీ పాతవారు కొత్తవారికి వెనకటి కథ చెప్పాకే ముందుకు సాగుతాం. ముప్పై ఏడో అధ్యాయం చెప్పినరోజు, బావులు తవ్విన ఒక పెద్దాయన కథ తిరిగి చెప్పాడు. గుంటలో నీళ్ళు లేవన్న ముక్క వదలలేదు. తమ్ముణ్ణి అందులో పడేశాక అన్నలు అన్నానికి కూర్చున్నారన్నదీ వదలలేదు. అక్కడ ఒక మాట కలిపాడు: "లోపలినుంచి వాడు అన్నా అన్నా అని ఏడుస్తున్నాడు, వీళ్ళు తింటున్నారు."

పక్కనున్న కుర్రవాడు వెంటనే పట్టుకున్నాడు. "తాతా, ఏడ్చాడని కథలో లేదు."

నిజమే, లేదు. ముప్పై ఏడో అధ్యాయంలో యోసేపు ఏడ్చాడనీ బతిమాలాడనీ ఒక్క మాట కనిపించదు. అంగీ లాగేశారు, గుంటలో వేశారు, అమ్మేశారు. అతని గొంతు మాత్రం ఎక్కడా వినిపించదు. పెద్దాయన ఒప్పుకోలేదు. "గుంటలో పడినవాడు ఏడవకుండా ఉంటాడా?" అన్నాడు. కథలో ఉన్నంతవరకే చెప్పుకోవాలన్నది నియమం కనుక అక్కడికి ఆపాం.

కొన్ని వారాల తరువాత నలభై రెండో అధ్యాయం వచ్చింది. "బతిమాలుకొనినప్పుడు" అన్న మాట వినగానే ఆ కుర్రవాడే తలెత్తి, "తాత ముందే చెప్పాడు కదా!" అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ మొర అన్నాళ్ళు ఎక్కడుంది? యోసేపును అమ్మేనాటికి అతనికి పదిహేడేళ్ళు. ఫరో ముందు నిలిచేనాటికి ముప్పై. ఆపైన సమృద్ధిగా పండిన ఏడేళ్ళు, ఆ తరువాత కరవు. అంటే ఇరవై ఏళ్ళకు పైగా అది అన్నల గుండెల్లోనే ఉంది. తండ్రికి కూడా చెప్పలేదు. రక్తంలో ముంచిన అంగీ పంపి, ఇది నీ కుమారుడిదేనేమో చూడమన్నారు. మిగతా కథ ఆ ముసలి తండ్రే అల్లుకున్నాడు.

ఇంకో సంగతి నన్ను వదలడం లేదు. ఐగుప్తులో వారిమీద మోపిన నేరం అబద్ధం. వారు వేగులవారు కారు. అయినా ఆ అబద్ధపు కేసులో కూర్చుని వారు నిజంగా చేసిన పాపం తలుచుకున్నారు. జైలులో "నామీద పెట్టింది తప్పుడు కేసు" అన్న మాట తరచు వింటాం. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు, తేల్చడం మా పని కాదు. కథ కూడా దాన్ని తేల్చదు. వాదనను పక్కన పెట్టి, మనిషిని అతని పాత గుంట దగ్గరకు తీసుకెళుతుంది. ఆ పని మేం ప్రసంగంతో చేయబోతే ఎదురు తిరిగేవారు.

వారి మాట మొదట విన్నది అన్యాయానికి గురైనవాడే. యోసేపు అప్పటికి ఐగుప్తులో అధికారి, అన్నలు అతణ్ణి గుర్తుపట్టలేదు. మధ్యలో ద్విభాషి ఉన్నాడు కనుక అతనికి తమ భాష తెలియదనుకున్నారు. అతడు పక్కకు వెళ్ళి ఏడ్చాడు. తిరిగి వచ్చి అన్నల్లో ఒకడైన షిమ్యోనును బంధించాడు. మనమైతే నలభై ఐదో అధ్యాయంలోని కౌగిలింతల దగ్గరకు పరుగెడతాం. కథ ఆ తొందర పడదు. పశ్చాత్తాపం విన్నంత మాత్రాన సంకెల తీయలేదు. ఇది లోపల ఉన్నవారికి తేలిగ్గానే అర్థమవుతుంది, బయట సంఘంలో చెబితేనే ముఖాలు చిట్లిస్తారు.

వచ్చే వారం నలభై మూడు. అందరికన్నా చిన్నవాడైన బెన్యామీను కోసం అన్నల్లో ఒకడైన యూదా తండ్రి దగ్గర జామీను ఉంటాననే ఘట్టం. యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చింది ఈ యూదాయే. తరువాత ఏం జరుగుతుందో సూచనగా చెప్పి లేస్తుంటే ఆ కుర్రవాడు అడిగాడు: "వాడి జామీను ఎవరు ఒప్పుకుంటారన్నా?"