కుమానో దారిలో వదినతో

జపాన్ వెళ్తున్నామంటే అందరూ క్యోటో, ఫుజి కొండ, చెర్రీ పూలు అన్నారు. మా వదినకి మాత్రం నడిచి వెళ్లే క్షేత్రం ఏదైనా ఉంటే చూడాలని ఉంది. ఏటా అలిపిరి మెట్లెక్కే మనిషి ఆవిడ. అలా కుమానో మీదికి పోయింది మా దృష్టి. ఒసాకాకి దక్షిణంగా, కీ ద్వీపకల్పంలోని కొండల్లో హొంగూ, హయతామా, నాచి అని మూడు పెద్ద క్షేత్రాలున్నాయి. ఒకప్పుడు సింహాసనం దిగిన చక్రవర్తులు కూడా పరివారంతో నడిచి వచ్చిన దారులవి. 2004లో యునెస్కో జాబితాలో చేరాయి. మేము పట్టుకున్నది నకహెచి దారి. తకిజిరి నుంచి హొంగూ దాకా 40 కిలోమీటర్లకి కాస్త తక్కువ.

నడక కష్టం గురించి ఎవరైనా చెబుతారు. మాకు అసలు టెన్షన్ పెట్టినవి బుకింగు, భోజనం.

ఈ దారిలో ఉన్నవి చిన్న ఊళ్లు. బసకి మిన్‌షుకులుంటాయి, అంటే ఇంట్లోనే కొన్ని గదులు అద్దెకిచ్చేవాళ్లు. వసంతంలో, శరత్కాలంలో అవి చాలా ముందే నిండిపోతాయి. తానాబె ఊరి పర్యాటక బ్యూరో వెబ్‌సైట్‌లో అడిగితే వాళ్లు ఇంటివాళ్లని కనుక్కుని జవాబిస్తారు. ఒక్క రాత్రికి గది దొరక్కపోతే ముందూ వెనకా అన్నీ మార్చుకోవాలి, ఎందుకంటే మధ్యలో కొండా అడవీ తప్ప ఇంకేం ఉండదు. కాబట్టి ముందు దారి నడుమనున్న చికత్సుయులో గది ఖాయం చేసుకుని, మిగతావి దాన్నిబట్టి సర్దుకోవడం మేలు. పెద్ద బ్యాగుల్ని రోజూ తర్వాతి బసకి చేర్చే సర్వీసుంది. డబ్బు దండగనుకోకండి. నగదు మాత్రం తానాబెలోనే తీసి పెట్టుకోవాలి.

ఇక భోజనం. ఫారంలో శాకాహారం అని రాస్తే చాలదు. జపాన్ వంటకి ప్రాణం దాషి అనే రసం. ఎక్కువగా దాన్ని బొనీటో చేపని ఎండబెట్టి, తురిమి కాస్తారు. మిసో సూపులో, ఉడికించిన గుమ్మడికాయలో, సోబా నూడుల్స్ పులుసులో, అన్నిట్లో అదే. కళ్లకి చేప కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని చేపగా లెక్కపెట్టరు. అందుకని చేప దాషి కూడా వద్దు, కొంబు అనే సముద్రపు నాచుతో కాచినదైతే తింటాం అని జపనీస్‌లో రాయించి పంపాం. ఒక ఇంటివాళ్లు మావల్ల కాదని ముందే చెప్పేశారు. వచ్చాక ఇబ్బంది పడేకంటే అదే నయం. ఇంకొకళ్లు ఒప్పుకుని టోఫు, కొండకూరలు, పుట్టగొడుగులతో అంత వంట చేసి పెట్టారు. పగటిపూట మమ్మల్ని కాచింది ఉమెబోషి పెట్టిన ఒనిగిరి, అంటే అన్నం ముద్ద. ఉమెబోషి అంటే ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ఉమె అనే ప్లమ్ లాంటి పండు. ఆ పులుపుకి వదిన మాగాయ తిన్నట్టే ఉందంది. ఈ వకయామా జిల్లా ఆ పండుకి పెట్టింది పేరు. కొనేటప్పుడు ప్యాకెట్ చూసుకోవాలి, బొనీటో తురుము కలిపిన రకం కూడా అమ్ముతారు.

తానాబె నుంచి బస్సులో తకిజిరికి వెళ్లి నడక మొదలుపెట్టాం. మొదలే నిట్టనిలువు. చెట్ల వేళ్లే మెట్లు. ప్రతి 500 మీటర్లకి నంబరు వేసిన ఒక గుంజ పాతి ఉంటుంది, హొంగూకి 75 దాకా వెళ్తాయి. ఆయాసంలో ఆ నంబర్లే దిక్కు. దారిపొడవునా ఓజి అనే చిన్న గుళ్లున్నాయి. వాటి పక్కన చెక్కపెట్టెలో ముద్ర ఉంటుంది, మన పుస్తకంలో మనమే వేసుకోవాలి. కొన్నిచోట్ల గుడి లేదు, రాయి మాత్రమే మిగిలింది. వదిన రాయికీ దణ్ణం పెట్టింది, ముద్ర వేసే పని నాకప్పగించింది.

ఇళ్లలో పద్ధతులు రెండోరోజుకి అలవాటయ్యాయి. గడపలో బూట్లు విప్పాలి, టాటామీ చాపల మీదికి చెప్పులతో పోకూడదు, మరుగుదొడ్డికి వేరే చెప్పులు. ఆరింటికి భోజనమంటే ఆరింటికే. స్నానం దగ్గరే నేను గుంజాటన పడ్డాను. ఆడవాళ్ల గది వేరేగా ఉన్నా, బట్టలు పూర్తిగా విప్పాల్సిందే. చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. ఆ నీళ్లు తర్వాత వచ్చేవాళ్లక్కూడా అవే, పారబోయకూడదు. కళ్లజోడు తీసేస్తే ఎవరూ కనబడరని ధైర్యం తెచ్చుకుని దిగాను. కాళ్ల నొప్పులు మాయమయ్యాక సిగ్గు సంగతి గుర్తే లేదు.

హొంగూ చేరాల్సిన రోజు పొద్దున్నే వదిన మెల్లగా చెప్పింది, పీరియడ్స్ వచ్చాయని. వాయిదా మాత్రలు తెచ్చుకుంది గానీ తలనొప్పి వస్తుందని వేసుకోలేదట. "నేను గుడి బయట కూర్చుంటాను, నువ్వు వెళ్లి రా" అంది. ఇంత దూరం నడిచాక!

హొంగూకి గంటన్నర దూరంలో ఫుషిఒగామి ఓజి ఉంది. లోయ తెరుచుకుని క్షేత్రం మొదటిసారి కనిపించేది అక్కడే, పాతకాలపు యాత్రికులు అక్కడే మోకరిల్లేవారు. అక్కడొక రాతి స్మారకం ఇజుమి షికిబు పేరిట ఉంది. ఆమె వెయ్యేళ్ల కిందటి కవయిత్రి. కథేంటంటే, ఆమెకి సరిగ్గా ఇక్కడికొచ్చాకే నెలసరి వచ్చింది. గుడికి పోలేనని బాధపడుతూ పద్యం చెప్పుకుని పడుకుంది. కలలో కుమానో దేవుడు కనిపించి, లోకపు ధూళిలో కలిసి ఉండేవాణ్ణి నాకేం మైల, రమ్మన్నాడట. మగా ఆడా, శుచీ అశుచీ అని చూడకపోవడం కుమానోకి పాతనుంచీ ఉన్న పేరు. జపాన్ అంతా ఇలాగే ఉంటుందని కాదు. ఇదే కీ కొండల్లో, ఇదే యునెస్కో జాబితాలో ఉన్న ఒమినె శిఖరం మీదికి ఆడవాళ్లని ఈనాటికీ రానివ్వరు.

షికిబు కథని నేను ఫోన్‌లో అనువాదం చేసి చదివాను. వదిన విని, "మళ్లీ చదువు" అంది. చదివాను. ఏమీ అనలేదు. నీళ్లు తాగి లేచింది.

హొంగూలో 158 మెట్లెక్కి, నీళ్ల తొట్టి దగ్గర ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, నోరు కడుక్కుని లోపలికి వెళ్లాం. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. వదిన నా పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది. అసలు గుడి 1889 దాకా కింద నది ఇసుకదిబ్బ మీదుండేది. ఆ ఏడు వరదలో చాలావరకు కొట్టుకుపోతే మిగిలిన మందిరాల్ని పైకి తెచ్చారు. పాత చోట ఇప్పుడు తోరీ అనే దాదాపు 34 మీటర్ల ద్వారం పొలాల మధ్య నిలబడి ఉంది. నాకు పైనున్న గుడికన్నా అదే నచ్చింది.

మర్నాడు బస్సూ రైలూ మారి నాచి వెళ్లాం. 133 మీటర్ల జలపాతం. అక్కడ దేవుడు ఆ జలపాతమే, విగ్రహం లేదు. పైనున్న సెయిగాంతోజి బౌద్ధాలయాన్ని భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకొచ్చిన రగ్యో అనే సన్యాసి మొదలుపెట్టాడని స్థలపురాణం. అది చదువుతుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. జలపాతం చూపించాం. దణ్ణం పెట్టుకుని, గొంతు తగ్గించి వదిననడిగింది, మాత్రలు వేసుకుంటున్నావు కదా అని.

"వేసుకుంటున్నాను అత్తయ్యా" అంది వదిన.